కొండమన్ను అప్పగింత

కొండమీంచి పారే గెడ్డ పాట వింటేగాని నూకాలుకి నిద్రపట్టేది కాదు. ఆ నీళ్ళతోనే ఆమె కాయగూరల మడి, ఊరు మొత్తం బతికేది.

ఓ ఏడు తేనెకొండ దొర, "కొండ నాది. పుల్ల తీసినా, పిడికెడు మన్ను దాచుకున్నా దొంగతనమే" అని చాటింపు వేయించి, చెట్లన్నీ నరికించి అమ్ముకున్నాడు. తొలివానకే కొండమన్ను జారి, అద్దంలాంటి గెడ్డ ఎర్రటి బురదతో పూడిపోయింది.

ఏటా ఊరంతా కలిసి పూడిక తీసి పొలాలకి తోలుకోవడం ఆనవాయితీ. ఈసారి నూకాలు తట్ట నెత్తికెత్తుకుని, "పొలాలకి కాదర్రా, దివాణానికి పదండి" అంది.

దివాణం వాకిట్లో మన్ను నడుమెత్తు లేచింది. దొర పల్లకీ బయటికి కదల్లేదు.

"ఏమిటే ఈ ఆగడం?" అన్నాడు దొర మేడమీంచి.

"తమ సొమ్మే బాబూ, మా గెడ్డలో దొరికింది. దాచుకుంటే దొంగలమైపోమూ?" అంది నూకాలు వినయంగా.

"సరే, ఆ మన్ను మీకే ఇచ్చేశాను. ఇక ఆపండి."

"మేం ఆపితే వాన ఆగదు కదా బాబూ. మన్నుని పట్టి ఉంచే చెట్ల వేళ్ళు లేవు. నాలుగు వానలు పడితే తమ కొండంతా మా ఊళ్ళోకే నడిచొస్తుంది. అదీ మాకే ఇచ్చేసినట్టేనా?"



మర్నాడే దొర మనుషుల్ని పెట్టి కొండమీద మొక్కలు నాటించాడు. వాటికి కంచె కట్టి కాపుకాసింది మాత్రం ఊరివాళ్ళే. కొండ ఎవరిదైనా, గెడ్డ వాళ్ళది మరి.