ఈరమ్మ దాచిన చోటు

అనగనగా ఒక వాగు, ఆ వాగొడ్డున ఒక ఊరు. ఒరేయ్, కాళ్ళు నా మీద వేయకండి, చెబుతున్నాగా. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక కోడలు. కుండ మీద మూత ఉంటే ఎత్తి చూడందే ఆ పిల్లకి అన్నం సయించదు, అచ్చం మన చిన్నదానిలాగే.

ఆ ఊరివాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. పంటొచ్చిందా, ఇంటి ముందు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మట్టి కప్పేయడం. దాన్నే పాతర అంటారు. తాతలు అక్కడే దాచారు, తండ్రులు అక్కడే దాచారు, నాంచారమ్మ అత్త అచ్చాయమ్మా అక్కడే దాచింది. ఏడాది తిండంతా ఆ గోతిలోనే.

ఒక ఏడు, ఎక్కడో కరువు సీమ నుంచి ఈరమ్మ అనే ఆవిడ మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చి, వాళ్ళ పక్కనే గుడిసె వేసుకుంది. ఊరందరికీ జొన్నలు దంచిపెట్టేది. కూలి రెండు మానికలు. ఒకటి వండుకునేది, ఒకటి దాచేది. ఎక్కడ దాచేదర్రా? గొయ్యి లేదు, కుండ లేదు, చూరులో మూటా లేదు! ఎక్కడో పాతేసి దెయ్యాన్ని కాపలా పెట్టిందని అత్త తేల్చేసింది. నాంచారమ్మకి మాత్రం కాలు నిలవలేదు.

వింటున్నారా, నేనొక్కదాన్నే వాగుతున్నానా? ఊఁ అనండి మరి.

మూడేళ్ళు చూసి చూసి, ఒక సంతరోజు నాంచారమ్మ ఈరమ్మ వెనకాలే నడిచింది. చూస్తే ఏముంది! జొన్నలిచ్చి కోడిని కొందట, కోడిపిల్లల్నిచ్చి మేకను కొందట, మేక ఈని ఈని మందైందట. ఆ మందలో ఒక్కటీ ఇంట లేదు. మెరక మీది పల్లెలో ఏడిళ్ళకి పాలికిచ్చింది. మేపేది వాళ్ళు, పుట్టిన పిల్లల్లో సగం వాళ్ళకి, సగం ఈవిడకి.

పరాయిళ్ళల్లో పెడితే భయం లేదా అని నాంచారమ్మ అడిగేసింది.

"మాకూ పాతరుండేదమ్మా. కరువొచ్చి అడుగంటింది. ఇక్కడి నేల నాది కాదు, రేపు పొమ్మంటే గోతిని మోసుకుపోతానా? పైగా నాకిక్కడ అక్కా లేదు, చెల్లీ లేదు. నా మేకున్న ఇంట్లో 'తిన్నావా ఈరమ్మా' అంటారు" అంది ఈరమ్మ.

ఆ ఏడే వాగు పొంగింది. పాతర్లోకి నీళ్ళు, నీళ్ళకి జొన్నలు నాని, నానినవి మొలకెత్తి, మొలకెత్తినవి కుళ్ళి కంపు. అచ్చాయమ్మ గోతి పక్కన కూలబడి ఏడ్చింది. ఏడవదూ మరి? రెండు పూటలుగా పొయ్యి వెలగలేదు.

ఈరమ్మ మెరకకి పరిగెత్తింది. నా వంతు మేకపిల్లల్ని మీరే ఉంచుకుని జొన్నలివ్వండర్రా అంది. ఏడిళ్ళు, ఏడు మూటలు. తెచ్చి అచ్చాయమ్మ ముందు దింపింది. దెయ్యం అదీ ఇదీ అన్న ఆవిడే, పాపం, లేచి పొయ్యి రాజేసింది.

నీళ్ళు తీశాక అచ్చాయమ్మ తన రెండు కోళ్ళని మెరక పల్లెలో పాలికిచ్చింది. పెరట్లో నాలుగు గజాల చోటు ఈరమ్మ పేర రాయించి, ఇక నిన్ను పొమ్మనేవాళ్ళెవరూ లేరే అంది. ఈరమ్మ ఏం చేసిందనుకున్నారు? గునపం అడిగి, అక్కడొక చిన్న గొయ్యి తవ్వింది! ఇదేం విడ్డూరమే, ఇన్నాళ్ళూ వద్దని ఇప్పుడెందుకని నాంచారమ్మ అడిగితే, "పోయేదాన్ని కాదు కదా ఇక" అంది. కళ్ళనిండా నీళ్ళు. అందులో మొదటి దోసెడు జొన్నలు అచ్చాయమ్మే పోసింది.

కాబట్టి ఉన్నదంతా ఒక్కచోటే పెట్టకండర్రా, కొత్తగా వచ్చినవాళ్ళని తిన్నారా అని అడగడం మానకండి. కథేమో కంచి బాట పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.