రెండో చిప్పలో పురుగుల పొడి

వరాలమ్మ పెరట్లో పదకొండు పెట్టలు, ఒక పుంజు. అన్నిటికీ పెద్దదిక్కు కాకిపెట్ట. పేరుకు తగ్గట్టే కారునలుపు. తన తెలివి గురించి తనే చెప్పుకునేది: "నా బుర్రలో రెండు నూకలే పడతాయి. మూడోది వేస్తే మొదటిది జారిపోతుంది." పెట్టలన్నీ నవ్వేవి. అయినా ఏ తగువొచ్చినా దాని దగ్గరికే వచ్చేవి.

కోళ్ళకి వేసే ఎండుచేపల పొడి మరీ ప్రియమైపోయేసరికి వరాలమ్మ కొత్త పద్ధతి పట్టింది. పాకలో తొట్టి పెట్టి నల్ల ఈగ పురుగుల్ని పెంచింది. అవి ముదిరాక పొడిచోటు వెతుక్కుంటూ, తొట్టిలోంచి వాలుగా పెట్టిన పలక మీదుగా వాటంతటవే పైకి పాకి, అవతల ఉన్న లోతైన రేకు డ్రమ్ములో పడతాయి. వాటిని ఎండబెట్టి, దంచి, నూకల చిప్ప పక్కన రెండో చిప్పలో పోసేది.

మొదటి రోజే కంచె కింది కన్నంలోంచి పందికొక్కు తల బయటపెట్టింది.

"కాకక్కా, ఆ పొడి తింటున్నారా?"

"తింటే ఏం?"

"ఏం లేదులే. చెప్తే బాధపడతావు."

"చెప్పకపోతే ఇంకా బాధపడతాను. చెప్పు తమ్ముడూ."

"ఆ పురుగులు ఏం మేసి బలిశాయనుకున్నావు? కల్యాణమండపం ఎంగిలాకులు! ఆ ఆకుల్లో మిగిలే బొమికలు ఎవరివక్కా? మొన్న సంత గంపలో వెళ్ళిన మీ చెల్లెలు ఇప్పుడెక్కడుందనుకుంటున్నావు?"

కాకిపెట్ట మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ పెంటకుప్ప గీకి బతికిన ప్రాణం అది. ఆ కుప్పలో ఏమేం కలిశాయో ఏనాడూ అడగలేదు. ఆ పూట మాత్రం వంశమర్యాద గుర్తొచ్చింది. అందర్నీ పోగుచేసి, రెండో చిప్ప ముట్టబోమని, అటు కన్నెత్తి చూడబోమని ఒట్టు వేయించింది.

"ప్రాణం పోయినా ముట్టం!" అని పుంజు కంచె ఎక్కి మరీ కూసింది.

చిప్ప మాత్రం రోజూ ఖాళీ అవుతూనే ఉంది. కోళ్ళే తింటున్నాయనుకుంది వరాలమ్మ. ఉత్త నూకలతో పెట్టల ఈకలు రాలాయి, గుడ్లు సగానికి సగం తగ్గాయి.

"చేసిన పొడంతా మెక్కి గుడ్డు పెట్టరేమే! శుక్రవారం అందర్నీ గంపకెత్తి సంతకి తోలేస్తాను" అంది.

ఆ మందలో తొలిగుడ్డుకొచ్చిన చిట్టిపెట్ట ఒకటుంది. అది తూలుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క ముక్కు పొడి తిననా?" అనడిగింది.

"మన చుట్టాల్ని తింటావుటే?"

చిట్టిపెట్ట మళ్ళీ అడగలేదు. బుధవారం పొద్దున గూట్లో చల్లబడి ఉంది. గుడ్డు కడుపులోనే నిలిచిపోయింది.

వరాలమ్మ నిమ్మచెట్టు కింద గొయ్యి తీస్తుంటే కాకిపెట్ట పక్కనే నిలబడింది. పెట్టలన్నీ దానికి ఎడంగా జరిగాయి. అదే ఎక్కువ గుచ్చుకుంది. మట్టి కప్పుతుండగా దాని బుర్రలో మూడో నూక పడింది: మేం తినలేదు. మరి చిప్ప ఎందుకు ఖాళీ అవుతోంది?

ఆ మధ్యాహ్నం పాకలోకి తొంగి చూసింది. వరాలమ్మ తొట్టిలో వేస్తున్నవి సొరకాయ తొక్కులు, మగ్గిన అరటిపళ్ళు, తవుడు. బొమిక ఒక్కటీ లేదు. వెనక్కి తిరిగి వస్తే, రెండో చిప్ప దగ్గర పందికొక్కు. మీసాల నిండా పొడి.

కాకిపెట్ట అరవలేదు.

"తిను తమ్ముడూ, మా పీడ వదుల్తుంది."

పందికొక్కు గతుక్కుమంది. "మీ కంట పడకూడదనే అక్కా, కష్టపడి..."

"తెలుసులే. కానీ ఈ దంచిన పొడిలో ఏం రుచుంది? పాకలో డ్రమ్ము నిండా పచ్చి పురుగులున్నాయి, వెన్నముద్దల్లా."

"ఆ సంగతి నాకెందుకు చెప్తున్నావు?"

"నా బుర్ర సంగతి తెలుసుగా. ఏదీ దాచుకునే చోటు లేదు."

పందికొక్కు పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వుతూనే పాకలోకి దూరి, పురుగులు ఎక్కే పలకే ఎక్కి, వాటిలాగే డ్రమ్ములోకి దూకింది. కడుపు పట్టనంత మేసింది. తర్వాత పైకి చూసింది. గోళ్ళు రేకు మీద కీచుమంటూ జారాయి. పళ్ళు దిగలేదు. వీపు మీద ఒక్కో పురుగూ టప్పు టప్పుమని పడుతూనే ఉంది.

"అక్కా! ఏ కర్రముక్కైనా లోపలికి తొయ్యక్కా!"

కాకిపెట్ట పలక అంచున వాలి కిందికి చూసింది.

"ఆ పురుగుల్లో మా వాళ్ళున్నారని నువ్వే చెప్పావు. ఇప్పుడు వాళ్ళంతా నీ పొట్టలో ఉన్నారు. మా వాళ్ళని మింగినవాణ్ణి నేనెలా గట్టెక్కించను?"

"అది ఉత్త అబద్ధమక్కా!"

"ఆ ముక్క చిట్టిపెట్ట బతికుండగా చెప్పాల్సింది."

పొద్దు వాలుతుండగా పురుగులు తీసుకోడానికి వరాలమ్మ వచ్చింది. మీసాలకి అంటిన పొడి చూసి, "ఇన్నాళ్ళూ పొడి మెక్కిన దొరవి నువ్వా!" అని డ్రమ్ముకి మూత బిగించి కాలవ వైపు మోసుకుపోయింది. ఖాళీ డ్రమ్ముతో తిరిగొచ్చి, సంత గంపని అటక మీద పడేసింది.

మర్నాడు కాకిపెట్ట అందరి ముందూ రెండో చిప్ప దగ్గరికి నడిచింది.

"నా మాట విని ఆకలితో మాడారు. ఇవాళ నా మాట వద్దు, నా ముక్కు చూడండి" అని మొదటి ముద్ద తనే మింగింది. పుంజు కూడా కంచె దిగి వచ్చింది. ఈసారి కూయలేదు.

అందరూ తినేదాకా కాకిపెట్ట ఆగింది. ఆ తర్వాత ముక్కుకు పట్టినంత పొడి తీసుకెళ్ళి, నిమ్మచెట్టు కింద పచ్చిమట్టి మీద పెట్టి వచ్చింది.

ఏదైనా తినొద్దని ఎవరైనా చెప్తే, ముందు వాళ్ళ మీసాలు చూడాలి.