మడుగు అడుగు చూసిన ఈరవ్వ

నెమలికొండ అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, రకరకాల పక్షులు ఉండేవి. అన్నిటికీ ఒకటే మడుగు. ఆ మడుగులో ఈరవ్వ అనే ముసలి తాబేలు ఉండేది.

ఏటా ఎండలు ముదరకముందే ఈరవ్వ అడుగుదాకా మునిగి లోతు కొలిచేది. పైకొచ్చి, లోతును బట్టి బండ మీద గోటితో గీత గీసేది. వాళ్ల అమ్మమ్మ మొదలుపెట్టిన పని అది. బండ మీద డెబ్బై గీతలున్నాయి. పాతవి పైన, కొత్తవి కింద. కిందికి వచ్చేకొద్దీ పొట్టివైపోయాయి.

పున్నమి మర్నాడు పొద్దున్నే జంతువులన్నీ ఆ బండ దగ్గర చేరేవి. ఎక్కడ ఏం జరిగిందో, ఎవరికి ఏ పని ఉందో గోరింక చెప్పేది.

"కొండ వెనక మేడిపళ్లు పండాయి! ముళ్లపందుల బొరియకు కాపలా కావాలి, కూలి దుంపలు! ఈరవ్వకు లోతు కొలిచే తోడు కావాలి, ఊపిరి బిగపట్టడం రావాలి!"

"దానికి కూలేమిటో?" అంది ఒక కుందేలు.

"బురద!" అన్నాడు దుప్పుల పెద్ద కొమ్ములయ్య. అందరూ విరగబడి నవ్వారు.

ఈరవ్వ నవ్వలేదు. "ఈసారి గీత నిరుటి దాంట్లో సగం లేదు. అడుగున ఒండ్రు పేరుకుపోయింది. వానలకు ముందే మడుగు ఎండిపోతుంది. కాళ్లలో సత్తువ ఉండగానే నదికి పొండి. రెండు రోజుల నడక."

"నీళ్లు బండ అంచునే ఉన్నాయి కదవ్వా!" అన్నాడు కొమ్ములయ్య. " నిరుడూ ఇంతే. కళ్లెదుట నీళ్లు పెట్టుకుని నీ గోటి గీతలు నమ్మాలా?"

"నువ్వు ఒడ్డున మూతి తడుపుకుని పోతావు. అడుగు చూసొచ్చేదాన్ని నేను."

ఆ మాటకు కొమ్ములయ్యకు మండింది. గోరింకను పక్కకు పిలిచాడు. "అవ్వ అపశకునాలు ఇక ఎవరికీ వినబడనివ్వకు. మంద బెదిరిపోతోంది."

గోరింకకు రోజూ తిండి కొమ్ములయ్య వీపు మీది గోమారి పురుగులే. "అలాగే దొరా," అంది.

తర్వాతి పున్నమికి కబుర్లన్నీ పళ్లూ పూలే. ఈరవ్వ అరిచింది. గోరింక అంతకంటే గట్టిగా అరిచింది.

అందరూ వెళ్లాక చుక్కి అనే ఆడదుప్పి పిల్లతో వచ్చింది. "అవ్వా, నాకు చూపించు."

"దిగి నాలుగడుగులు వెయ్యి."

మూడో అడుగుకే చుక్కి మోకాళ్లదాకా బురదలో దిగబడింది. పొట్ట మాత్రం తడవలేదు. చుక్కి కాళ్లు వెనక్కి లాక్కుంది. "నువ్వూ రా అవ్వా."

"బురదలో పూడుకుని బతికే విద్య నాకుంది. మీకు లేదు. నడువు!"

చుక్కి పిల్లను తీసుకుని ఆ పూటే కదిలింది. వెనకే నాలుగు కుందేళ్లు.

రోహిణి కార్తె వచ్చింది. ఎనిమిది రోజుల్లో మడుగు ఇంకిపోయింది. దుప్పులు ఎక్కడివక్కడ ఒరిగిపోయాయి. నదిదాకా నడిచే ఓపిక ఒక్కదానికీ లేదు. నడిమధ్యన మిగిలిన గుక్కెడు నీళ్ల కోసం దిగి, కొమ్ములయ్య పొట్టదాకా కూరుకుపోయాడు.

ఆ పక్కనే ఈరవ్వ బురద తవ్వుకుంటోంది.

"అవ్వా... ముందే కాస్త గట్టిగా చెప్పకపోయావా?"

"గట్టిగా చెప్పే గొంతును నీ వీపు మీదే కూర్చోబెట్టుకున్నావు కదా నాయనా. దాన్నడుగు."

కొమ్ములయ్య కష్టంగా మెడ తిప్పి చూశాడు. వీపు మీద ఎవరూ లేరు. గోరింక పొద్దున్నే నది వైపు ఎగిరిపోయింది.

నీతి: ఏళ్ల తరబడి కొలిచి చెప్పిన మాట చేదుగా ఉన్నా వినాలి. ఆ నోరు నొక్కినంత మాత్రాన ముప్పు ఆగదు.