పదిహేడో నంబరు దుప్పటి

కొండమీది ఆశ్రమంలో ఒక చిన్న బడి. కొండ కింద ఊరి పిల్లలు వస్తారు. రెండో తరగతికి పంతులు నిర్మలానందుడు. పిల్లల రాతలు పెట్టడానికి అతను ఒక బ్లాగు తయారుచేశాడు. అంతా అయింది గానీ, చివర్లో కంప్యూటరు ఒక ప్రశ్న అడిగి కూర్చుంది. ఇవి ఎవరు చూడొచ్చు? అందరూనా, పాస్‌వర్డ్ ఇచ్చిన తల్లిదండ్రులా, పంతులు ఒక్కడేనా?

'అందరూ' అని అతను ఎప్పుడో నిశ్చయించేసుకున్నాడు. ఆదివారం భక్తులొస్తారు. వాళ్ల ముందు మీట నొక్కాలి, చప్పట్లు కొట్టించుకోవాలి. కాషాయం కట్టినా ఆ మోజు మాత్రం వదల్లేదు పాపం. అయినా గురువుగారిచేత ఒకసారి అవుననిపించుకుందామని వెళ్లాడు.

"మచ్చుకి ఒకటి చదువు నాయనా," అన్నారు పెద్దస్వామి.

నిర్మలానందుడు మురిసిపోతూ చదివాడు. "నా పేరు యామిని. నేను రోజూ పక్క తడుపుతాను. మా అమ్మ దుప్పటి పెరట్లో ఆరేస్తుంది. స్వామిసార్, మీకొక్కరికే చెప్తున్నా." పక్కనే రెండు జడలతో పాప ఫొటో.

"ఎంత ముద్దుగా రాసిందో! నలుగురూ చూడాలి స్వామీ."

"అలాగా. ఆదివారం దాకా ఆగు."

ఆదివారం పొద్దున భక్తులు మెట్లెక్కి వస్తున్నారు. గేటు పక్కన దండెం మీద పాత చారల దుప్పటి ఒకటి వేలాడుతోంది. మధ్యలో మరక. మూలన ఎర్రదారంతో 17 అని కుట్టు.

నిర్మలానందుడికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆరేళ్ల వయసులో పదిహేడో నంబరు పిల్లాడిగా ఆశ్రమానికి వచ్చి, రెండేళ్లపాటు తాను రోజూ తడిపిన దుప్పటి అది. తోటి పిల్లలు లేవకముందే గురువుగారే దాన్ని ఉతికి గోశాల వెనక ఆరేసేవారు. ఆ సంగతి ఆవులకు తప్ప ఎవరికీ తెలీదు.

"స్వామీ, ఇది ఇక్కడెందుకు?" అన్నాడు చెమటలు తుడుచుకుంటూ.

"ముద్దుగా ఉంది కదా నాయనా. నలుగురూ చూస్తారని."

అంతలో ఆశ్రమానికి ఏటా బియ్యం పంపే పేరిందేవమ్మగారు దండెం ముందు ఆగి ముక్కుమీద వేలేసుకుంది. ఆవిడ చెవిన పడ్డ మాట ఆవిడకంటే ముందే కొండ దిగుతుంది.

"ఎవరిది స్వామీ ఇది?"

నిర్మలానందుడు కళ్లు మూసుకున్నాడు.

"నాదేనమ్మా," అన్నారు పెద్దస్వామి. "వయసు మీదపడింది."

సాయంత్రానికల్లా కింద ఊళ్లోంచి ఆరు రకాల కషాయాలు వచ్చాయి. పెద్దస్వామి ఒక్కటీ వద్దనలేదు. మొహం చిట్లిస్తూ అన్నీ తాగారు. గ్లాసులు అందించిన నిర్మలానందుడికి సిగ్గుతో తల పైకి లేవలేదు. చివరి గ్లాసు కడిగి, దండెం మీది దుప్పటి తీసి మడిచి, కంప్యూటరు గదిలోకి వెళ్లాడు.

మర్నాడు పొద్దున గురువుగారి పాదాలకు మొక్కి నిలబడ్డాడు.

"ఏది నొక్కావు నాయనా?"

"గోశాల వెనక, స్వామీ."