తలుపు తట్టే తల్లి మర

ఇంగ్లండులోని ఆర్న్‌బెక్ అనే సంత ఊరికి వచ్చే యాత్రికులు ముందుగా సంతమంటపం చూస్తారు. ఓక్ స్తంభాల మీద నిలిచిన ఆ మంటపం, దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి వాలిన పాత ఇళ్లు, బూడిదరంగు రాతి చర్చి చూడదగినవే. కాని ఈ ఊళ్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవదు. మాట్లాడుతూనే చెవి ఆర్న్ ఏటి వైపు పెడతారు. వాన పట్టిందంటే మరీను. ఆ ఏటి ఒడ్డునే తలుపు తట్టే తల్లి మర ఉంది. మంటపం దగ్గర ఫోటో దిగి వెనుదిరిగేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు వీధులు దిగితే చాలు, అసలు చోటు అక్కడే.

పూర్వం ఈ ఏటి మీద రెండు నీటిమరలు గోధుమలు ఆడించేవి. ఎగువ మర ఆస్విన్‌ది, దిగువ మర అతని చెల్లెలు హవీస్‌ది. ఎగువన కట్ట నిలిపిన నీరు తూము ఎత్తితేనే దిగువకు వచ్చేది. చెల్లెలి పొయ్యి వెలగడం అన్న చేతిలోనే ఉండేది. ఒక చలికాలం ఆస్విన్ చెప్పాపెట్టకుండా తూము ఎత్తాడు. హవీస్ మరలోకి నీరు జొరబడి, ఊరివాళ్ల గోధుమలన్నీ తడిసి ముద్దయ్యాయి.

"ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అని ఆమె నిలదీసింది.

"ఏరు ఎటు పోతుందో నీకు తెలియదా? దానికి కబురు కూడానా?" అన్నాడతడు.

ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కొన్నేళ్లకు ఎడతెగని వాన పట్టింది. కట్ట నిండి తొణకసాగింది. ఆస్విన్‌కు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. తెల్లవారుతుండగా కాస్త రెప్ప పడింది. తడి బట్టలతో ఒక స్త్రీ పిడికిలి ఎత్తి కలలో కనిపించింది. "వదిలే ముందు చెప్పు. విన్నాననే దాకా వదలకు" అంది. మెలకువ వచ్చేసరికి కట్ట అంచున మట్టి జారుతోంది. వెంటనే తూము ఎత్తితే తన మర దక్కుతుంది, దిగువన చెల్లెలూ పిల్లలూ నీళ్ల పాలవుతారు.

అతడు పరుగున వెళ్లి ఆమె తలుపు తట్టాడు. "నేనే. తూము ఎత్తాలి. పిల్లలతో చర్చి గుట్ట ఎక్కమ్మా!"

 బెదిరించి తన మరను ఖాళీ చేయించాలని చూస్తున్నాడనుకున్న హవీస్, తలుపుకు వీపు ఆనించి నోరు మెదపకుండా నిలబడింది. అతడు తడుతూనే ఉన్నాడు. ఇంతలో ఎగువన ఫెళ్లుమని చప్పుడైంది. అది చక్రం ఇరుసు విరిగిన చప్పుడని ఇద్దరికీ తెలుసు. అయినా తట్టడం ఆగలేదు. తన మర పోతున్నా అన్న ఈ గుమ్మం వదలలేదని హవీస్‌కు అప్పుడు అర్థమైంది.

"విన్నాను అన్నయ్యా, విన్నాను! నువ్వు పో!" అని ఏడుస్తూ తలుపు తీసింది.

పిల్లలు గుట్ట ఎక్కాక ఆస్విన్ తూము ఎత్తాడు. కట్ట నిలిచింది, దిగువ మర మోకాలి లోతు నీటితో బయటపడింది. ఎగువ మర మాత్రం దక్కలేదు. వరద తీశాక పిమ్ అనే జాలరి ఆ కూలిన గోడల దగ్గర చేపల బుట్ట వేస్తే, బురదలో ఏదో బరువు తగిలింది. పైకి తీస్తే ముక్కు విరిగిన రాతి స్త్రీమూర్తి, పిడికిలి ఎత్తి ఉంది. ఆస్విన్ చూస్తూనే "నా కలలోకి వచ్చింది ఈమే" అన్నాడు. ఆ మూర్తిని తలుపు తట్టే తల్లి అని పిలుచుకుని, హవీస్ గుమ్మం పక్కనే నిలిపారు. అన్నాచెల్లెళ్లు ఆ ఒక్క మరనే కలిసి ఆడించుకున్నారు.

నేటికీ తూము ఎత్తే మనిషి ముందుగా దిగి వచ్చి ఈ తలుపు తడతాడు. లోపలి నుంచి "విన్నాం" అన్న మాట వచ్చాకే వెళ్లి ఎత్తుతాడు. మాట పట్టింపులతో విడిపోయిన తోబుట్టువులు వచ్చి, ఒకరు బయట, ఒకరు లోపల నిలిస్తే, తల్లి దయవల్ల వారి మధ్య మళ్లీ మాటలు కలుస్తాయని నమ్మకం. అయితే హవీస్ వంశం ఎప్పుడో అంతరించింది, మరలో కాపురం ఉండేవారు లేరు. జవాబు చెప్పవలసింది యాత్రికులే. వచ్చినవారంతా తలుపు తట్టాలనే ఉబలాటపడతారు. దయచేసి ఒక్కరైనా లోపల ఉండండి. ఎగువన నీరు పెరుగుతూ ఉంటుంది, గుమ్మంలో తూము ఎత్తే మనిషి తడుతూనే ఉంటాడు.