తిండి మానిన పీత

ఎవరైనా మరొకరి మీద అనుమానం మోసుకొని వస్తే, విశ్వంభర గురువుగారు ముందు విస్తరి వేయించేవారు. తిన్న తరువాతే మాట. ఒకప్పుడు కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన ఆయన, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఆశ్రమం కట్టుకున్నారు. గంగాద్రి అనే శిష్యుడు అలా వచ్చిననాడు అక్కడ వడ్డించినది మా అమ్మమ్మ. అతడు విస్తరిని ముట్టనైనా ముట్టలేదని చెప్పేది.

"గురువుగారూ, ఇంటి మనిషే లోపలి నుంచి తినేస్తుంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు గంగాద్రి.

అతడు బావమరిది పోలారావుతో కలిసి కొత్తగా పీతల చెరువు వేశాడు. వారం రోజులుగా పీతలు తగ్గుతున్నాయి. కొన్ని చేపముక్క వేసినా కదలడం లేదు. పోలారావు బుట్టతో గట్టు దాటడం రెండుసార్లు కంటపడింది. మేతలో మందు కలిపి, సొమ్మసిల్లినవాటిని ఎత్తుకుపోతున్నాడని గంగాద్రి నిశ్చయం. మూడు రోజులుగా అతడికి ముద్ద దిగడం లేదు. భార్య ఏడ్చినా సరే, ఈ సాయంత్రం ఆమె తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టాలనుకున్నాడు.

గురువుగారు వాదించలేదు. తిండి మానిన పీతనొకదాన్ని తెమ్మన్నారు, పోలారావునూ పిలిపించారు. చెరువు నీళ్ళు పోసిన తొట్టికి చెరొకవైపు కూర్చున్నారు బావా బావమరుదులు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

పొద్దు వాలేవేళకు పీత వీపు వెనుక అంచు పగిలింది.

"చూశారా! మందే. లోపలి నుంచి తినేసింది," అన్నాడు గంగాద్రి.

"తినేసిన మాట నిజమే," అన్నారు గురువుగారు. "రొయ్యను తిన్నప్పుడు దాని పెంకును కరిగించే ఎంజైమ్ పీత కడుపులో ఉంది. అటువంటిదే ఇప్పుడు పెంకు కింద ఊరి, సొంత పెంకునే కరిగిస్తోంది. పెరగాలంటే పాత పెంకుతోపాటు కడుపు లోపలి పొరనూ పీత విడవాలి. ఇక తినడమెలా?"

పీత వెనక్కి వెనక్కి జరిగి బయటపడింది. కాళ్ళతో సహా ఖాళీ పెంకు ఒకపక్క, మైనంలా మెత్తని పీత మరొకపక్క.

గంగాద్రికి నమ్మకం కుదరలేదు. "చెరువులో వేస్తే తెలుస్తుంది, బతుకుతుందో లేదో," అంటూ దాన్ని పట్టుకొని లేచాడు. పోలారావు అతడి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బావా! మెత్తగా ఉన్నదాన్ని మిగతావి పీక్కుతింటాయి. తిండి మానినవాటిని అందుకే కదా వేరే గుంటలోకి మార్చాను!"

"మరి నాతో ఒక్కముక్క చెప్పలేదేం?"

"చెబుదామని వస్తే, మేతలో ఏం కలిపావురా అన్నావు. ఆ తరువాత నోరెలా వస్తుంది?"

గంగాద్రి వెళ్ళి గుంట చూసి వచ్చాడు. పీతలున్నాయి. అయినా ముఖం తేటపడలేదు. "పోయినవన్నీ అక్కడే ఉన్నాయో లేదో..." అని గొణిగాడు.

గురువుగారు ముట్టని విస్తరిని అతడి ముందుకు జరిపారు.

"తిండి మాని పీత పెంకు విడిచింది. నువ్వు మాని ఏం విడిచావు, నాయనా?"