పిల్లికూనల దగ్గర యుద్ధం నేర్చిన రాజకుమారుడు

అనగనగా కుంతలపురం అని ఒక రాజ్యం, దానికొక రాజు. మామూలు రాజు కాదర్రా. ఆయన తుమ్మితే పక్క రాజ్యంలో కోట తలుపులు వాటంతటవే మూసుకునేవి. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేసరి కత్తి ఝళిపిస్తే వాన చినుకు రెండు ముక్కలై పడేది. రెండోవాడు గజకేసరి ఏనుగును ఎత్తి, దాని కింద ఊడ్పించి, మళ్ళీ అక్కడే పెట్టేవాడు. మూడోవాడు చంద్రకేసరి. వాడు పిల్లికూనల్ని చూస్తూ కూర్చునేవాడు.

ఒక బూడిదరంగు పిల్లి వాడి తలపాగాలో చేరి మూడు కూనల్ని పెట్టింది. దాన్ని లేపడానికి మనసొప్పక రాజకుమారుడు నెల రోజులు ఒట్టి తలతో సభకు వెళ్ళాడు.

"ఏరా, ఇవాళేం విద్య నేర్చావు?" అనేవాడు రణకేసరి.

"తల్లి తోక పట్టుకోవడం అన్నయ్యా. తల్లి అటు చూస్తే కూన నడుస్తుంది. ఇటు చూస్తే బిగుసుకుపోతుంది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంటుంది."

"నిన్నో?"

"దారపు ఉండ కావాలంటే దానికేసి చూడకూడదని."

"పెద్దయ్యాక దారం అమ్ముకుందువుగానిలే" అని గజకేసరి నవ్వేవాడు. ఆయన నవ్వితే మేడ మీద పెంకులు సర్దుకునేవి.

ఇలా ఉండగా కరాళదంతుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు హేమలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. రణకేసరి లక్షమంది భటులతో వెళ్ళాడు. రాలేదు. గజకేసరి వెయ్యి ఏనుగులతో వెళ్ళాడు. రాలేదు, ఏనుగులూ రాలేదు. రాజు అన్నం మానేశాడు. అలా ఏడాది గడిచింది.

"నాన్నగారూ, నేను వెళ్తాను" అన్నాడు చంద్రకేసరి. "అన్నలు లేకుండా ఈ గుమ్మం తొక్కను."

"సైన్యం ఎంత కావాలి నాయనా?"

"వద్దండీ. ఎంతమంది వెళ్తే అంతమంది కనబడతారు."

బయలుదేరుతుంటే తల్లిపిల్లి కాళ్ళకు అడ్డం వచ్చింది. "బాబూ, నీళ్ళంటే నాకు పడదు, నేను రాను. కానీ ఒడ్డున నాకు తెలిసిన తాబేలుంది. చేపల బేరంలో పాత స్నేహం. నా పేరు చెప్పు" అంది.

ఆ తాబేలు వీపు మీద మూడు కొబ్బరితోటలు ఉన్నాయి. అది ఒక్కసారి కాళ్ళాడిస్తే ఒక సముద్రం వెనక్కి పోయింది. ఏడుసార్లు ఆడిస్తే ఏడూ పోయాయి. చంద్రకేసరి తిన్న కొబ్బరిముక్క ఇంకా గొంతు దిగనేలేదు.

దింపుతూ తాబేలు చెప్పింది. "రాజకుమారా, ఆ దీవిలో కదిలేది ఏదైనా మాంత్రికుడి కంటబడితే రాయి అయిపోతుంది. మీ అన్నలు అలాగే అయ్యారు. వాడి ప్రాణం చిలకలో ఉంది. కానీ చిలక చచ్చిందా, మంత్రం విప్పేవాడు ఉండడు. రాళ్ళు రాళ్ళుగానే ఉండిపోతాయి."

దీవి మధ్య పెద్ద ముంగిలి. నిండా రాతి భటులు, రాతి ఏనుగులు. నడుమ ఎత్తైన గద్దె మీద మాంత్రికుడు తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వాడటు తిరిగితే చంద్రకేసరి ఒక అడుగు వేశాడు. ఇటు తిరిగితే ఆగిపోయాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. మాంత్రికుడు ఇదీ ఒక రాయే అనుకున్నాడు. వంద బారల దూరం దాటడానికి మూడు రోజులు పట్టిందంటే నమ్మండి. ముక్కు మీద ఈగ వాలింది, కాపురం పెట్టింది, పిల్లల్ని కూడా కన్నది. మనవాడు రెప్ప కొట్టలేదు.

రెండో రోజు పెద్దన్న పక్కన ఆగాల్సి వచ్చింది. చెంప రాతి భుజానికి తగిలింది. ఎండకు రాయి వెచ్చగా ఉంది. కన్నీరు కూడా కదిలేదే కదా, అందుకని దాన్ని లోపలే ఆపుకున్నాడు.

మూడో రోజు గద్దె వెనక్కి చేరాడు. అక్కడ మామిడికొమ్మకు ఉయ్యాల, ఉయ్యాలలో చిలక, పక్కన జామపండు కోస్తూ హేమలేఖ.

"చెయ్యి చాపారో, చిలక చిటారుకొమ్మ ఎక్కి కూర్చుంటుంది" అని ఆమె గుసగుసలాడింది. "నేను నూరుసార్లు ప్రయత్నించాను."

చంద్రకేసరి చెయ్యి చాపలేదు. చిలకకు వీపు పెట్టి కూర్చుని, ఉత్తరీయం కొసనుంచి దారం లాగి, దానికో ఈక కట్టి, తనలో తానే ఆడుకోసాగాడు.

"ఏమిటది?" అంది చిలక.

"నీకెందుకులే."

"నాకూ చూపించు."

"పెద్దవాళ్ళ ఆట. నీకు అర్థం కాదు."

చిలక ఉయ్యాల దిగి కింది కొమ్మకు వచ్చింది. ఈక ఎగిరింది. ఇంకో కొమ్మ దిగింది. ఈక మోకాలి చాటుకు పోయింది. చిలక మోకాలి మీద వాలి ముక్కు పెట్టి తొంగిచూసింది. అంతే, పిడికిట్లో ఉంది. తల్లిపిల్లి కూన మెడను నోట కరచుకున్నట్టు పట్టుకున్నాడు. నొప్పి లేదు, విడుపూ లేదు.

చిలక కెవ్వుమంది. మాంత్రికుడు గిరుక్కున తిరగబోయాడు.

"చూడు, బాగా చూడు" అన్నాడు చంద్రకేసరి. "నేను కదులుతున్నాను. నన్ను రాయి చేస్తే నా పిడికిలీ రాయే అవుతుంది. అందులో ఉన్నది నీ ప్రాణం."

మాంత్రికుడు రెండు చేతులతో తన కళ్ళు తనే మూసుకున్నాడు. పద్నాలుగు లోకాలను కంటిచూపుతో బెదిరించినవాడు వేళ్ళ సందు కూడా ఉంచలేదు. హేమలేఖ జామపండు పక్కన పెట్టి, కొంగు చింపి, వాడి కళ్ళకు ఏడు చుట్లు చుట్టి ముడేసింది.

"ఇప్పుడు మంత్రం విప్పు" అంది.

"విప్పితే చంపరుగా తల్లీ?"

"మాటంటే మాటే" అన్నాడు చంద్రకేసరి.

మాంత్రికుడు విప్పాడు. లక్షమంది ఒక్కసారి ఊపిరి పీలిస్తే ఆకాశంలో మబ్బులు కిందికి దిగాయి. రణకేసరి ఏడాది కింద సగంలో ఆగిన కేకను పూర్తి చేసి, ఎదురుగా శత్రువు లేక తికమకపడ్డాడు.

"ఎవరు గెలిచారు?" అన్నాడు.

"మీ తమ్ముడుగారు" అంది హేమలేఖ.

"సైన్యమేదీ?"

"ఒక్క దారప్పోగు."

గజకేసరి తమ్ముణ్ణి ఎత్తి భుజాన కూర్చోబెట్టుకుని, తాబేలు వీపు ఎక్కేదాకా దించలేదు.

ఇంటికొచ్చాక రాజుగారు ఏడాది తిండంతా కలిపి ఒక్క పూటలో తిన్నారు. పెళ్ళికి వేసిన పందిరి కిందినుంచి నడిచిన పెళ్ళివారు రెండో కొసకు చేరేసరికి వాళ్ళ పిల్లలకు మీసాలొచ్చాయి. చంద్రకేసరి, హేమలేఖ తొంభై తొమ్మిదేళ్ళు ఏలారు. మాంత్రికుణ్ణి మాట ప్రకారం చంపలేదు. కళ్ళకు గంతలతో చిలక పంజరం పక్కనే కూర్చోబెట్టారు. రాజభవనం నిండా పిల్లులు కదా, ఎటునుంచి ఏది వస్తుందోనని వాడు తొంభై తొమ్మిదేళ్ళూ చెవులు రిక్కించి, "ఛూ, ఛూ" అంటూనే గడిపాడు. ఇంకెవరి జోలికీ వెళ్ళడానికి వాడికి తీరిక దొరకలేదు.